మన యింటి గిన్నె, పండితుల పట్టిక

మాసపత్రికలలో మనకు పరిచయమైనవి పెక్కు కలవు. కథలు ప్రకటించునవి కొన్ని, పాటలును ముగ్గులును ప్రకటించునవి కొన్ని, వంటలును కుట్టుపనులును నేర్పునవి కొన్ని. మధ్యాహ్న భోజనానంతరము తీఱిక దొరకినప్పుడు వానిని చదువుకొని, పొరుగింటి వదినగారి కిచ్చి, ఆమెయొద్దనుండి మఱియొక దానిని తెచ్చుకొనుట సోదరీమణులందఱకును అలవాటే. అయితే మన యిండ్లలో నెన్నడును అడుగుపెట్టని పత్రికలు మఱికొన్ని కలవు. వానియందు కథలు లేవు, బొమ్మలు లేవు, హాస్యము మొదలే లేదు. పుటపుటకును అంకెల పట్టికలు. ఆ అంకెలు ఎవరివని విచారించితిమా, అవి మనవే. మన చూలు, మన పురుడు, మన బిడ్డల బరువు, మన వంటింటి యుప్పు, మన రక్తములోని కొఱత, ఇవియే వానికి విషయములు. మన యింటి సంగతులు వ్రాయు పత్రిక మన యింటికి రాకుండుట మాకు వింతగా తోచినది. అందుచేత కొంతకాలముగ వానిని సంపాదించి చదువుచున్నాము.

వీనిని మాకు మొదట చూపినది మా చెల్లెలి కుమార్తె. ఆ చిన్నది హైదరాబాదులో ప్రజారోగ్యశాస్త్రము చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు కాగితముల కట్ట యొకటి తెచ్చి, "పెద్దమ్మా, ఇది మన తెలుగు ఊళ్ల సంగతే, చదివి చూడు" అని మా చేతి కిచ్చినది. ఇంగ్లీషు మాకు కొంతవఱకు వచ్చును. రానిచోట ఆ చిన్నది విప్పి చెప్పినది. రెండు మూడు దినములు మే మిద్దఱమును ఆ కట్టను పట్టుకొని కూర్చుండుట చూచి యింటివారు నవ్విరి గాని మేము విడువలేదు.

ఆ పత్రిక పేరు ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎపిడెమియాలజీ. 1972వ సంవత్సరమున ఆరంభమైనది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు దానిని ప్రకటించుచున్నారు. పేరు నోరు తిరుగనిదే గాని అర్థము కఠినము కాదు. గ్రీకు భాషలో 'ఎపి' యనగా పైన, 'డెమోస్' అనగా ప్రజ, 'లోగోస్' అనగా శాస్త్రము. ప్రజలపై వచ్చిపడు దానిని గూర్చిన శాస్త్ర మన్నమాట. ఈ యాలోచన మన పూర్వులకు తెలియనిది కాదు. చరకసంహిత విమానస్థానమున జనపదములను నాశనము చేయు వ్యాధులను గూర్చి ప్రత్యేకముగ నొక అధ్యాయము కలదు. ప్రకృతులు వేఱువేఱైన మనుష్యులందఱును ఒక్కమాఱే యేల వ్యాధి పాలగుదురను ప్రశ్నకు, గాలి, నీరు, నేల, కాలము చెడుటచేత నని అందు సమాధానము చెప్పబడినది.

వైద్యుడు ఒక రోగి నాడి చూచును. ఈ శాస్త్రజ్ఞుడు ఊరి నాడి చూచును. ఈ వీధిలో జ్వర మెందఱకు, ఆ వీధిలో ఎందఱకు? వీరు త్రాగు నీరేది, వారు త్రాగు నీరేది? నలుగురు బిడ్డలలో ఒకనికి కడుపునొప్పి వచ్చినప్పుడు, తక్కిన మువ్వురును తిననిది వీడు తిన్నదేమని తల్లి చేయు విచారణయే యిది. తల్లి నలుగురిని విచారించును, వీరు నాలుగువేలమందిని విచారింతురు. బల మంతయు ఆ సంఖ్యలోనే కలదు. నలుగురిలో కాకతాళీయముగ నొకటి జరుగవచ్చును గాని, నాలుగువేలమందిలో కాకతాళీయము అంత సులభముగ మనలను మోసగింపజాలదు.

ఇట్టి పత్రికలో చోటు దొరకుట సామాన్యము కాదు. మన కథలను సంపాదకుడు తానే చదివి, నచ్చినచో అచ్చు వేయును, నచ్చనిచో త్రిప్పి పంపును. ఇచటి సంపాదకుడు వ్యాసమును ఆ శాస్త్రమున నారితేరిన యిద్దఱకో మువ్వురకో పంపును. వారు సాధారణముగ దానికై ప్రతిఫలము పుచ్చుకొనరు. వారెవరో వ్రాసినవారికి తఱుచు తెలియదు. పిల్లనిచ్చుటకు ముందు వరుని యూరికి పోయి, బావియొద్ద నీళ్లు తోడువారి నడిగి, పాలు పోయువాని నడిగి, అంగడివాని నడిగి కూపీ తీయు మేనమామవలె వారు వ్యాసమును శోధింతురు. ఇంతమందిని చూచితి మంటిరి, వారి నెట్లు ఎన్నుకొంటిరి? జవాబు చెప్పక వెడలిపోయిన వా రెందఱు? పోయినవారును ఉన్నవారును ఒకేవిధమైనవారా? దీనికి ధన మిచ్చిన దెవరు? ఇట్టి ప్రశ్నలతో నెలలు గడచును. సమాధానము చాలనిచో సంబంధము తప్పిపోవును.

మా చేతికి వచ్చిన కట్టలో, ఒకే జనసమూహమును ఏండ్ల తరబడి వెంబడించు పరిశోధనలను పరిచయము చేయు శీర్షిక క్రింద, 2014లో వెలువడిన వ్యాస మొకటి కలదు. దాని పేరు ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ. అది హైదరాబాదు చేరువనున్న 29 గ్రామముల చరిత్ర. (ఆ యేడే రాష్ట్రము రెండైనది. ఆ గ్రామములు తెలంగాణమునకు చెందినను పరిశోధన పేరున ఆంధ్రప్రదేశమే నిలిచిపోయినది. పుట్టింటి పేరు విడువని కోడలివంటిది కాబోలు.) ఆ చరిత్ర తెలిసికొనదగినది కనుక కొంచెము విస్తరించి చెప్పెదము.

మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి సేవ లను పథకము 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన మొదలైనది. అంగన్వాడీ లన్నియు దాని సంతానమే. 1987 నాటికి హైదరాబాదు సమీపమున ఒక ప్రాంతమునకు ఆ పథకము వచ్చియుండెను. దాని ప్రక్క ప్రాంతమునకు ఇంకను రాలేదు. జాతీయ పోషకాహార సంస్థవారు దీనిని చూచి, ఇది మంచి యవకాశమని తలంచిరి. పథకమున్న 15 గ్రామములను, లేని 14 గ్రామములను తీసికొని, 1987 మొదలు 1990 వఱకు ఆ యూళ్ల గర్భవతులను బిడ్డలను కనిపెట్టి చూచిరి. పథకమున్న యూళ్లలో గర్భిణులకును బాలింతలకును ఆఱేండ్లలోపు బిడ్డలకును ప్రతిదినమును మొక్కజొన్నయు సోయాయు కలిపిన పిండిని సోయానూనెతో వండి ఉప్మాగా పెట్టిరి. మందు కాదు, సూది కాదు, కేవలము ఉప్మా. దానితోపాటు టీకాలును, గర్భిణుల పరీక్షలును, రక్తహీనతకు మాత్రలును అందునట్లు చూచిరి.

ఇంతటితో ముగిసిన అది మఱచిపోవలసిన కథయే. అయితే పదునైదేండ్ల తరువాత, 2003–05 సంవత్సరములలో, పరిశోధకులు మరల ఆ గ్రామములకు పోయిరి. ఆనాడు తల్లి కడుపున నున్నవారు, ఒడిలో నున్నవారు ఇప్పుడు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల ప్రాయమువారు. అట్టివారిని 1165 మందిని కనుగొని కొలిచిరి. ఫలితములు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికయందు వెలువడినవి. ఉప్మా తిన్న యూళ్ల పిల్లలు తక్కిన యూళ్లవారికంటె సరాసరి 14 మిల్లీమీటర్లు పొడవుగ నుండిరి. అనగా మన చిటికెనవ్రేలి వెడల్పు. ఇంతేనా యని పెదవి విఱువకుడు. మధుమేహమునకు దారితీయు ఇన్సులిన్ నిరోధము వారియందు నూటికి 20 పాళ్లు తక్కువగ నుండెను. రక్తము మోయు ధమనుల బిరుసుతనమును కొంత తక్కువ. కడుపుతో నున్నప్పుడు తల్లియు, పసితనమున బిడ్డయు తిన్న గిన్నెడు ఉప్మా, ఆ బిడ్డ మీసములు మొలచునాటికిని రక్తనాళములలో గుఱుతు విడిచిన దన్నమాట.

ఈ వ్యాసమున మమ్ము మఱింత యాకర్షించిన విషయ మొకటి కలదు. 14 మిల్లీమీటర్లని చెప్పి వారు ఊరకుండలేదు. నిజమైన భేదము 4 మొదలు 23 వఱకు ఎచటనైనను ఉండవచ్చునని దాని ప్రక్కనే వ్రాసిరి. రక్తపుపోటులోను రక్తములోని క్రొవ్వులలోను నమ్మదగిన భేద మేమియు కనబడలేదనియు వ్రాసిరి. బలమునకు, వర్ణమునకు, జ్ఞాపకశక్తికి, జుట్టునకు అన్నిటికి ఒక్కటే మందని సీసామీద అచ్చువేయువారిని మనము దినమును చూచుచున్నాము. మాకు తెలిసినది ఇంత, తెలియనిది ఇంత అని గీత గీసి చూపు అలవాటు ఈ పత్రికలలో మాకు కనబడిన మొదటి గుణము. పట్టికలలో అంకె ప్రక్కన కుండలీకరణములలో నుండు ఆ రెండు చిన్న అంకెలే యా గీత. సోదరీమణు లెప్పుడైన ఇట్టి పట్టికను చూడ తటస్థించినచో పెద్ద అంకెకంటె ముందు వానిని చూడవలయును.

ఆ పట్టికలలోని యంకె ఎచట పుట్టునో మేము కన్నులార చూచినారము. కొన్నియేండ్ల క్రిందట మా అత్తగారి గ్రామమునకు ఆహార పరిశీలనకై యిద్దఱు యువతులు వచ్చిరి. ఏ సంస్థనుండి వచ్చిరో ఇచట ననవసరము. సంచిలోనుండి చిన్నది మొదలు పెద్దదానివఱకు కొలత గిన్నెలు తీసి వంటింటి గట్టుమీద వరుసగ పేర్చిరి. "నిన్న పొద్దుటినుంచీ రాత్రి పడుకునేదాకా ఇంట్లో ఎవరెవరు ఏమేమి తిన్నారో, ఎంతెంత తిన్నారో ఈ గిన్నెలతో చూపించండమ్మా" అని అడిగిరి. మా అత్తగారికి ఉత్సాహము కలిగినది. మామగారికి ఈ గిన్నెడు అన్నము, ఈ గిన్నెడు పప్పు, పెరుగు ఈ గిన్నె. పెద్దబ్బాయికి ఇది, మనుమనికి ఇది, పనివానికి ఇది. ఒక్క తడబాటు లేదు. నలువదేండ్లు వడ్డించిన చేయి కనుక గరిటెల లెక్క ఆమెకు కంఠస్థము.

అప్పుడా యువతి, "మరి మీరేం తిన్నారమ్మా?" అని అడిగినది.

మా అత్తగారు గిన్నెలవంక చూచిరి. ఒకటి యెత్తిరి, దింపిరి. "నేనా? ఏముందమ్మా, మిగిలింది తిన్నాను" అనిరి.

"మిగిలింది ఎంతుంటుందండీ?"

"మిగిలినంత."

ఆ యువతి నవ్వలేదు, విసుగుకొనలేదు. వండిన బియ్య మెంతయో, తక్కినవారు తిన్న దెంతయో అడిగి తీసివేతలు వేసి, చివఱకు చిన్నగిన్నెలలో రెండవదానిని చూపి, "ఇంత అయుంటుందా?" అనినది. "అంతే అయుంటుంది" అని అత్తగా రొప్పుకొనిరి. పప్పు లేదు. పెరుగు లేదు. గోంగూర పచ్చడి మాత్రము కలదు. మేము పదునెనిమిదేండ్లు ఆ యింటి కోడలమైయుంటిమి. ఆ ప్రశ్నను ఆమె నెవరైనను అడుగుట మేము వినుట అదియే మొదటిమాఱు.

తరువాత ఆరోగ్యమును గూర్చిన ప్రశ్నలు వచ్చినవి. "ఏమైనా బాధలున్నాయా అమ్మా?" అని అడుగగా, వాకిట కూర్చున్న మామగారికి వినబడునట్లుగ, "మాకే జబ్బులూ లేవమ్మా, దేవుడి దయవల్ల" అని చెప్పిరి. ఆ యువతి లేదని గుఱుతు పెట్టుకొనినది. ఆమె పెట్టుకొనవలసినదియు అదే. అయితే కడగొట్టు కాన్పు నాటినుండి మా అత్తగారికి గర్భసంచి జారియుండెను. గుడ్డ బిగించి కట్టుకొని ఇరువది యేండ్లకు పైగ నీళ్లు మోసిరి, పిండి రుబ్బిరి. సర్వే జరిగిన రెండేండ్లకు నడువలేని స్థితి వచ్చిన తరువాతనే ఆ సంగతి మాకు తెలిసినది. శస్త్రచికిత్స జరిగి ఇప్పుడు సుఖముగ నున్నారు. ఈ విషయము వ్రాయుదుమా యని వారిని అడిగితిమి. "రాయమ్మా, నాలాంటివాళ్లు ఎంతమంది చదువుతారో" అనిరి. ఆ వాక్యమే లేకున్న దీనిని వ్రాసియుండము.

ఆ రెండుమాటలు, మిగిలింది తిన్నాను, మాకే జబ్బులూ లేవు, అనునవి ఏ పట్టికలోనికి పోయి యేమైనవో మేము తఱుచు తలపోయుచుందుము. మొదటిదానిని ఆ యువతి నేర్పుతో గిన్నెగ మార్చినది. రెండవది సున్నగనే యుండిపోయినది. ఎందఱి సున్నలు కూడి ఒక మండలమున స్త్రీలకు రోగములు లేవను వాక్యముగ అచ్చుపడినవో!

ఈ సున్నను తుడిచివేసిన వ్యాస మొకటి కలదు. అది 1989 జనవరిలో లాన్సెట్ పత్రికలో వెలువడినది. లాన్సెట్ 1823లో లండనున ఆరంభమైన ప్రాచీన పత్రిక. తెలంగాణమునకు ఆనుకొని మహారాష్ట్రమున గడ్చిరోలి యను జిల్లా కలదు. అచట డాక్టరు రాణీ బంగ్, ఆమె భర్త డాక్టరు అభయ్ బంగ్ తమ సహచరులతో కలిసి రెండు గ్రామములలో 650 మంది స్త్రీలను పరీక్షించిరి. ఆసుపత్రికి వచ్చిన రోగులను కాదు, ఊరిలోనున్న స్త్రీలను. అదియే యా పరిశోధన విశేషము. ఆసుపత్రి వాకిలి దాటినవారిని మాత్రమే లెక్కించినచో దాటనివారి సంగతి యెట్లు తెలియును? బాధ కలదని తమంతట చెప్పినవారు నూటికి 55 మంది. పరీక్షించి చూడగా స్త్రీ సంబంధమైన యేదో యొక వ్యాధి గలవారు నూటికి 92 మంది. అంతకుముందు జీవితమున నొక్కమాఱైనను అట్టి పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 8 మంది. సోదరీమణులారా, ఆ 55నకును 92నకును నడుమనున్న దేమి? కొందఱకు వ్యాధియే తెలియదు. కొందఱకు అది వ్యాధి యని తెలియదు. తక్కినవారికి తెలిసియు నోరు రాలేదు. మా అత్తగారు ఆ నడిమి వారిలో నొకరు.

ఆ దంపతులే 1999లో మరల లాన్సెట్‌లో మఱియొక వ్యాసము ప్రకటించిరి. గడ్చిరోలి జిల్లాలోని 39 గ్రామములలో, చదువు నేర్చిన పల్లెటూరి స్త్రీలకే శిక్షణ యిచ్చి, పుట్టిన బిడ్డను ఇంటియొద్దనే తూచుట, వెచ్చగ నుంచుట, చీము పట్టిన గుఱుతులు కనిపెట్టి మందిచ్చుట నేర్పిరి. మూడవ యేటికి, పుట్టిన నెలలోపల చనిపోవు బిడ్డల సంఖ్య, అట్టి యేర్పాటు లేని గ్రామములతో పోల్చగా, నూటికి 62 పాళ్లు తగ్గినది. నేడు మన యిండ్లకు ఆశా కార్యకర్త వచ్చి పురిటిబిడ్డను తూచుచున్న దన్న, ఆ తూనికకు వెనుక ఈ వ్యాసమును కలదు. పత్రికలోని పట్టిక వాకిటికి వచ్చుటకు దాదాపు పండ్రెండేండ్లు పట్టినది. 2011లో గాని ప్రభుత్వము దానిని దేశమంతటను ఆశాల పనిగ నిర్ణయింపలేదు.

కొన్నింటికి అంతకంటెను ఎక్కువకాలము పట్టినది. ఇంగ్లండునకు చెందిన డాక్టరు లూసీ విల్స్ 1928లో బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణులకు ప్రాణాంతకముగ వచ్చుచున్న రక్తహీనతకు కారణము వెదకినది. ఆమె మొదట చేసినది సూక్ష్మదర్శిని పట్టుట మాత్రమే కాదు. ఆ స్త్రీ లేమి తినుచున్నారని విచారించినది. ఆ విచారణ ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్ అను మన దేశపు పత్రికయందు, 1930లో అచ్చయినది. (ఆ పత్రిక 1913లో పుట్టి నేటికిని నడచుచున్నది.) మార్మైట్ అను చవుకయైన ఈస్టుసారమును పెట్టగా ఆ గర్భిణులు కోలుకొనుట చూచి, ఆ సంగతి 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినది. అందలి గుణకారి పదార్థ మేమో ఆమెకు తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకులనుండి దానిని తీసి, ఆకునుండి వచ్చినది కనుక ఫోలిక్ ఆమ్ల మని పేరిడిరి. 1945లో దానిని రసాయనశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధకులకు నాయకత్వము వహించినవాడు మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1991లో లాన్సెట్‌లో వెలువడిన మఱియొక వ్యాసము, వెన్నెముక మూసికొనని బిడ్డను ఒకమాఱు కన్న తల్లులు మరల గర్భము ధరించుటకు ముందునుండియే దీనిని పుచ్చుకొన్నచో ఆ యాపద నూటికి 72 పాళ్లు తప్పునని నిరూపించినది. ఆశా కార్యకర్త యిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్ర బొంబాయి మిల్లు కూలిస్త్రీల పళ్లెములనుండి బయలుదేఱి, ఇన్ని పత్రికల పుటలు దాటి మన యింటి గూటిలోనికి చేరినది. మన కోడండ్రు కొందఱు దానిని నల్లవిరేచన మగునని పెరటిలో పాఱవేయుచున్నారు. నల్లగ నగుట ఇనుము చేత. దాని వలన భయము లేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లలోపు మన దేశపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. లూసీ విల్స్ వచ్చి తొంబదియేండ్లు దాటిన తరువాతి మాట యిది.

ఇంత చెప్పి ఈ పత్రికలను దేవతలవలె పూజింపుమని మా యభిప్రాయము కాదు. వానియందును కల్లలు దూరును. 1998లో లాన్సెట్ పత్రికయే 12 మంది బిడ్డలను గూర్చిన వ్యాస మొకటి ప్రకటించినది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేయు టీకావలన ఆటిజము కలుగునేమో యను సందేహమును అది పుట్టించినది. ఇంగ్లండున ఎందఱో తల్లులు భయపడి టీకా మానిరి. 2002లో డెన్మార్కు దేశపువారు 5 లక్షల 37 వేలమంది బిడ్డల లెక్కలు చూచి అట్టి సంబంధము లేదని మఱియొక పత్రికలో నిరూపించిరి. తుదకు 2010లో లాన్సెట్‌వారు ఆ వ్యాసమును తమ పత్రికనుండి ఉపసంహరించుకొనిరి. పండ్రెండుమంది మాట పండ్రెండేండ్లు నిలిచినది. నేటికిని మన సెల్‌ఫోనులలో తిరుగుచునేయున్నది. మేనమామ కూపీ తీసినను ఒక్కొకమాఱు మోసపోవుట కలదు. తరువాత తెలిసినప్పుడు నలుగురిలో చెప్పి సంబంధము త్రెంచుకొను ధైర్య ముండుట మేలు. అయినను అది పండ్రెండేండ్లకు గాని రాకుండుట మాకు క్షమింపరాని యాలస్యముగనే తోచుచున్నది.

మాకు మఱియొక మనస్తాపము కలదు. మన పల్లె స్త్రీల గిన్నెలు కొలిచి, మన బిడ్డల చేతులకు పట్టీలు చుట్టి, రక్తము తీసి వ్రాసిన వ్యాసములు ఇంగ్లీషులో అచ్చుపడుచున్నవి. కొన్నిటిని చదువవలెనన్న పెద్దమొత్తము చెల్లింపవలయును. ఆ 29 గ్రామములలోని తల్లి, తాను తిన్న ఉప్మా తన కుమారుని యొడలిలో నేమి చేసినదో తెలిసికొనదలచినచో ఎచట చదువును? వ్యాసము ముగిసిన పిమ్మట ఒక్క పుట తెలుగులో, పెద్ద యక్షరములతో, ఆ యూరి అంగన్వాడీ గోడమీద అంటింపవలయునని మేము మా చెల్లెలి కుమార్తెతో వాదించితిమి. ఆ చిన్నది తాను చేయబోవు పరిశోధనకు అట్లు చేసెదనని మాట యిచ్చినది. చూడవలయును.

ఎవరైన కొలతగిన్నెలతోనో, ప్రశ్నలు వ్రాసిన పలకతోనో మన వాకిటికి వచ్చినప్పుడు చేయదగినవి కొన్ని కలవు. మొదట వారిచే సమ్మతిపత్రమును తెలుగులో చదివించుకొని వినవలయును. వ్రేలిముద్ర వేయువారికిని ఆ హక్కు కలదు. భారత వైద్య పరిశోధన మండలివారి 2017 నాటి నియమముల ప్రకారము అర్థమగు భాషలో చెప్పి సమ్మతి పుచ్చుకొనవలయును. నడుమ ఇష్టము లేనిచో ఎప్పుడైనను మానుకొనవచ్చును. మానినంతమాత్రమున ఆసుపత్రిలో గాని అంగన్వాడీలో గాని రావలసిన దేదియు ఆగరాదు. ఆరోగ్యపు ప్రశ్నలు వచ్చినప్పుడు "లోపలి గదిలో మాట్లాడుకుందాం రండమ్మా" అని మనమే పిలువవచ్చును. అత్తగారి బదులు కోడలును, కోడలి బదులు అత్తగారును జవాబు చెప్పవలసిన పని లేదు. ఫలితములు ఏ పత్రికలో నెప్పుడు వచ్చునో, మనకెవరు తెలుపుదురో అడిగి ఆ పేరు వ్రాయించుకొనవచ్చును. నిన్న నీవేమి తింటివని అడిగినప్పుడు, గిన్నెలను ముందుకు జరుపుకొని, మన గిన్నెను మనమే యెత్తి చూపవలయును.